తప్పు జవాబుకొక తిట్టు

ఆమెను విద్యార్థులు సగటు మేడమ్ అనేవారు. సగటు గురించి పాఠం చెబుతుందని కాదు, మనిషే సగటు. గొంతు పెరిగేదీ కాదు, తగ్గేదీ కాదు. నవ్వొస్తే పెదవి ఒక చివర కదిలేది, కోపమొస్తే రెండో చివర కదిలేది. ఏ చివర కదిలిందో ముందు బెంచీవాళ్ళకి తప్ప తెలిసేది కాదు. పదిహేడేళ్ళుగా విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది వాళ్ళకి గణాంకశాస్త్రం చెబుతోంది. జీవశాస్త్రం చదువుదామని వచ్చినవాళ్ళు, వ్యాపారం నేర్చుకుందామని వచ్చినవాళ్ళు, మొక్కలంటే ప్రాణమని వచ్చినవాళ్ళు, అందరూ ఈ ఒక్క పేపరు దగ్గరికి వచ్చేసరికి చెప్పులో రాయి పడ్డట్టు మొహం పెట్టేవారు. ఏటా నూట ఎనభై మందిలో డెబ్భై మందికి తక్కువ కాకుండా పరీక్ష తప్పేవారు.

ఆమెకి మాత్రం లెక్కలంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. కాలేజీ రోజుల్లో బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చిందో మూడేళ్ళపాటు ఒక నోటు పుస్తకంలో రాసుకుంది. అదే స్టాపులో నిలబడే ఒక కుర్రాడు, బస్సు ఎప్పుడొస్తుందండీ అని అడిగితే, తలెత్తకుండానే, సగటున పదకొండు నిమిషాలు పడుతుంది, మంగళవారాలు మాత్రం నమ్మడానికి లేదు అని చెప్పింది. ఆ కుర్రాడు కళ్ళద్దాల షాపులో పని నేర్చుకుంటున్నాడు. ఆ మర్నాటి నుంచి తన బస్సు వచ్చి వెళ్ళిపోతున్నా ఎక్కకుండా నిలబడడం మొదలుపెట్టాడు. అలా పెళ్ళయింది. ఇప్పుడు అతనికి సొంత కళ్ళద్దాల షాపుంది.

ఇంట్లో మూడో మనిషి అత్తగారు. డెబ్భై నాలుగేళ్ళది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆపరేటరుగా చేసి రిటైరైంది. రోజుకి కొన్ని వందల మంది కోపాన్నీ ఏడుపునీ తొందరనీ చెవులతో విని, ఎవరి లైను వాళ్ళకి కలిపిన మనిషి. కోడలు రోజంతా మాట్లాడే మాటల్ని ఆవిడ కాఫీ చల్లారేలోపు మాట్లాడి పారేసేది. అత్తాకోడళ్ళకి పడదేమోనని ఇరుగుపొరుగు మొదట్లో చెవులు నిక్కించుకుని కూర్చున్నారు గానీ, ఒకావిడ మాట్లాడుతుంటే రెండో ఆవిడ వింటూ ఉండే ఇంట్లో తగువెక్కడ పుడుతుంది? కొన్నాళ్ళకి వాళ్ళే విసుగెత్తి మానుకున్నారు.

ఆ ఏడాది విశ్వవిద్యాలయం వాళ్ళు ఆన్‌లైన్‌లో అభ్యాసం చేసుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చారు. ప్రశ్నలు మేడమ్ రాయాలి. చాలా ప్రశ్నల్లో అంకెల్ని మాత్రం ఒక్కో విద్యార్థికి ఒక్కోలా అదే మార్చుకుంటుంది. ఒక్కో ప్రశ్నకి నాలుగు జవాబులు. ఎన్నిసార్లయినా చేసుకోవచ్చు, మార్కులు లేవు, భయం లేదు. ఆమె సెలవులన్నీ కూర్చుని డెబ్భై ప్రశ్నలు రాసింది. సరైన జవాబు నొక్కితే తెర మీద "సరైనది" అని పడేది. తప్పు నొక్కితే "తప్పు. మళ్ళీ ప్రయత్నించండి" అని పడేది.

మొదటి వారం నలభై మంది తెరిచారు. రెండో వారం ఆరుగురు. మూడో వారం ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు, అన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికి తెరిచిన మేడమే.

ఆ సాయంత్రం వంటింట్లో ఆమె ఈ సంగతి చెప్పింది. అత్తగారు బఠాణీలు ఒలుస్తోంది. తప్పు చేస్తే ఏమొస్తుంది అని ఆవిడ అడిగింది. ఏమొస్తుందో కోడలు చెప్పింది.

"తప్పు అనేసి లైను కట్ చేస్తే మళ్ళీ ఎవరు చేస్తారే?" అంది అత్తగారు. "రాంగ్ నంబరొస్తే మేము అలా పెట్టేసేవాళ్ళం కాదు. ఏ నంబరు కావాలి, ఎవరు కావాలి అని అడిగేవాళ్ళం. సగం మంది ఒక్క అంకె దగ్గరే పొరపడేవాళ్ళు. ఆ అంకె ఏదో చెప్పామనుకో, మళ్ళీ జన్మలో పొరపడరు."

కోడలు గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. తను తప్పు జవాబుల్ని ఊరికే నోటికొచ్చినట్టు పెట్టలేదు. ఒక్కో తప్పు ఒక్కో పొరపాటు వల్ల వచ్చేదే. అంటే విద్యార్థి ఏది నొక్కాడో చూస్తే ఎక్కడ కాలు జారాడో చెప్పొచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి తప్పు జవాబు కింద వ్యాఖ్య రాసుకోవడానికి ఒక ఖాళీ పెట్టె కూడా ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదంతే.

మర్నాడు మొదటి వ్యాఖ్య రాసి అత్తగారికి చదివి వినిపించింది. మధ్యగతాన్ని కనుక్కునే ముందు మీరు దత్తాంశాన్ని ఆరోహణ క్రమంలో అమర్చలేదు, అని. అత్తగారు ఆవులించింది. తర్వాత అదేమిటో తెలుగులో చెప్పమంది. కోడలు తొమ్మిది బఠాణీకాయల్ని చిందరవందరగా బల్ల మీద పోసి, వీటిలో మధ్యరకం కాయ ఏదో తెలియాలంటే ముందు పొట్టి నుంచి పొడుగు దాకా వరసగా పేర్చాలి, పిల్లలు పేర్చకుండానే ఎదురుగా కనిపించిన ఐదోదాన్ని తీసేస్తున్నారు అని వివరించింది.

అత్తగారు ఆ కాయలకేసి చూసి, "వరసలో నిలబెట్టకుండానే మధ్యవాడెవడో నీకెలా తెలిసిందిరా నాయనా?" అంది.

కోడలు ఆ మాటని అక్షరం మార్చకుండా పెట్టెలో రాసింది.

అక్కడి నుంచి మూడు వారాలపాటు రోజూ మధ్యాహ్నం మూడింటి నుంచి ఐదింటి దాకా అత్తాకోడళ్ళు భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. డెబ్భై ప్రశ్నలకి మూడేసి చొప్పున రెండు వందల పది తిట్లు కావాలి. అత్తగారు ఒక్కటే షరతు పెట్టింది. తనకి అర్థం కాని తప్పుని తను తిట్టదు. ఎక్కడ తప్పాడో తెలియకుండా తిడితే అది తిట్టు కాదు, గొణుగుడు అని ఆవిడ సిద్ధాంతం. దాంతో కోడలు ప్రతి తప్పునీ విడమరిచి చెప్పాల్సి వచ్చేది. ఆవిడకి అర్థమయ్యే దాకా పది నిమిషాలు పట్టేది, అర్థమైన తర్వాత తిట్టు రావడానికి అర నిమిషం కూడా పట్టేది కాదు.

ఒక గదిలో పద్దెనిమిది, పంతొమ్మిది, పంతొమ్మిది, ఇరవై, ఎనభై నాలుగేళ్ళ వాళ్ళు ఐదుగురున్నారు, వాళ్ళ వయసుని ఒక్క అంకెలో చెప్పాలంటే ఏది బాగుంటుంది అని ఒక ప్రశ్న. ముప్ఫై రెండు అని సగటు నొక్కినవాడికి ఇలా వచ్చేది: "ముప్ఫై రెండేళ్ళవాడు ఆ గదిలో ఒక్కడైనా ఉన్నాడా? తాతగారికి కుర్చీ వేసి, మిగతావాళ్ళని చూసి చెప్పు." ప్రామాణిక విచలనంలో చివర వర్గమూలం తియ్యడం మరిచిపోయినవాడికి: "వంటంతా చేసి గిన్నె పొయ్యి మీదే వదిలేశావు. దించేదెవరు?" గొడుగులు ఎక్కువ కనిపించిన రోజున ప్రమాదాలు ఎక్కువ జరిగాయి కాబట్టి గొడుగుల వల్లే ప్రమాదాలు అన్నవాడికి: "గొడుగు తెచ్చావు కాబట్టి వాన పడిందనేది నువ్వేనన్నమాట. ఒకసారి పైకి చూడు నాయనా." సంభావ్యత ఒకటి దాటి వచ్చినవాడికి: "కుండలో కుండన్నర నీళ్ళు పోశావు. ముందు కింద తుడిచి, రెండుసార్లు ఎక్కడ పోశావో చూసుకో."

వరసగా ఐదుసార్లు బొమ్మ పడింది కాబట్టి ఆరోసారి బొరుసే పడుతుంది అన్నవాళ్ళ మీద అత్తగారు చెప్పింది ఇది: "పొద్దున చెప్పింది సాయంత్రానికి మా అబ్బాయికే గుర్తుండదు. నాణేనికి గుర్తుంటుందా?" ఇక్కడ కోడలికి చిన్న ధర్మసందేహం వచ్చింది. వ్యాఖ్య వెళ్ళేది తన పేరు మీద. తనకి అబ్బాయి లేడు. అబద్ధం రాయకూడదు. అందుకని "మా అబ్బాయికే" కొట్టేసి "మా ఆయనకే" అని దిద్దింది. మనిషి మారలేదు కదా అనుకుంది.

పదిరోజులకి ఒక కుర్రాడు కళ్ళద్దాల షాపుకి వచ్చాడు. కళ్ళు పరీక్ష చేయించుకుని, పవరు రాసిన చీటీని తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. అది షాపులో ఉండాలి, దాన్ని చూసే అద్దాలు కొయ్యాలి అని ఆయన చెబితే, ఆ కుర్రాడు ఎంతో మర్యాదగా, నా దగ్గరే ఉంచుకుని రేపు మళ్ళీ తెస్తానండీ, మీరు మరిచిపోతారేమో అన్నాడు. ఆయన ఆ రాత్రి అన్నం తింటూ ఈ ముక్క చెప్పి, నాకు మతిమరుపని ఊళ్ళో ఎవరంటున్నారో తెలియడం లేదన్నాడు. తల్లీ పెళ్ళామూ ఇద్దరూ కంచాల్లోకి చూస్తూ భోజనం ముగించారు.

నాలుగు వారాలు తిరిగేసరికి సాఫ్ట్‌వేర్ తెరుస్తున్నవాళ్ళు నూట డెబ్భై ఒక్క మంది. క్యాంటీన్‌లో, మెట్ల మీద, చెట్ల కింద, ఎక్కడ చూసినా ఫోన్లలో గణాంకాలే. మేడమ్ పెదవి నవ్వు చివర తరచుగా కదలడం మొదలైంది. సరిగ్గా అప్పుడే డీన్ గారి దగ్గర నుంచి కాగితం వచ్చింది.

డీన్ గారు రసాయన శాస్త్రం మనిషి. నెలనెలా వచ్చే నివేదికల్లో పచ్చగా ఉన్నవాటిని వదిలేసి ఎర్రగా ఉన్నవాటినే చదివేవారు. గణాంకాల పేపరు ఎర్రగా లేదు, రక్తంలో ముంచి తీసినట్టుంది. మొదటి ప్రయత్నాలు నాలుగు వేల రెండు వందల పన్నెండు. అందులో సరైనవి మూడు వందల పదకొండు. సాఫ్ట్‌వేర్ వాడుతున్నకొద్దీ విద్యార్థులు చెడిపోతున్నట్టు కనిపిస్తోంది, మూడు రోజుల్లో వచ్చి వివరణ ఇవ్వండి, లేదా దాన్ని ఆపేస్తాం అని ఆ కాగితం సారాంశం.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. అత్తగారు మాట్లాడకపోవడం ఆ ఇంట్లో గడియారం ఆగిపోయినంత పని. చివరికి ఆవిడే, నా నోటి దురుసుకి పిల్లలు బెదిరిపోయుంటారే, ఆ తిట్లన్నీ తీసేసెయ్ అంది.  కోడలు ఒక కాగితం మీద నాలుగు వేల రెండు వందల పన్నెండుని నాలుగుతో భాగించి, వచ్చిన వెయ్యిన్నీ యాభై మూడు చుట్టూ గీతలు గీస్తూ కూర్చుంది. ఏమీ రానివాడు కళ్ళు మూసుకుని నొక్కినా నాలుగింట ఒకటి సరైనది పడాలి. వీళ్ళకి వందకి ఏడు పడుతున్నాయి. కళ్ళు మూసుకున్నవాడి కన్నా వీళ్ళు అధ్వాన్నమా? అదెలా?

మర్నాడు బస్సులో ఆ ముడి విడిపోయింది. ఆమె వెనక సీట్లో ఇద్దరు విద్యార్థులు కూర్చున్నారు. ఒకరు మొక్కల కోసం కాలేజీలో చేరిన అమ్మాయి, రెండోవాడు ఆమె స్నేహితుడు. ముందు కూర్చున్నదెవరో చూసుకోలేదు.

"నీకు కుండ వచ్చిందా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"లేదే. కుండ ఎక్కడుంది?"

"నలభై మూడోదాన్లో. రెండు సంభావ్యతలు కలిపేటప్పుడు, రెండూ కలిసి జరిగే భాగాన్ని తియ్యకుండా వదిలెయ్. మొత్తం ఒకటి దాటుతుంది. అదే కుండ."

"నేను తీసేశానే."

"అందుకే నీకు సరైనది అని వచ్చి ఊరుకుంది. పాపం."

ఆ తర్వాత వాళ్ళు లెక్క చూసుకున్నారు. అమ్మాయికి నూట అరవై రెండు తిట్లు దొరికాయి. అబ్బాయికి నూట నలభై. ఇద్దరికీ లేనివి ఏవి, ఏ తప్పు చేస్తే ఏది దొరుకుతుంది, ఏ తప్పులో ఏ మెట్టు దాకా సరిగ్గా చేసి ఎక్కడ జారాలి అని ఎంతో శ్రద్ధగా చర్చించుకున్నారు. మేడమ్ దిగాల్సిన స్టాపు వచ్చి వెళ్ళింది. ఆ తర్వాతదీ వెళ్ళింది.

డీన్ గారి గదికి ఆమె ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్ళింది. ఆయన ఎర్ర నివేదికని బల్ల మీద పరిచి ఉంచారు. ఆమె వివరణ ఏమీ ఇవ్వకుండా ల్యాప్‌టాప్ తెరిచి ఆయన ముందు పెట్టింది.

"మొదటి పది ప్రశ్నలు చెయ్యండి సార్. అన్నిటికీ తప్పు జవాబులే పెట్టండి. ఒక్కటి కూడా ఒప్పు పడకూడదు."

ఇదేమి పరీక్ష అన్నట్టు ఆయన చూశారు. కానీ ఎంతైనా మాస్టారు, పరీక్ష పెడితే ఊరుకోలేరు. కళ్ళజోడు సవరించుకుని మొదలుపెట్టారు. ఒక్కో ప్రశ్ననీ చదివి, బాగా తప్పులా కనిపించినదాన్ని ఏరి మరీ నొక్కారు. మొదటిది తప్పు. రెండోది తప్పు. మూడోది నొక్కగానే "సరైనది" అని పడింది. ఆయన చిరాకుపడ్డారు. పది పూర్తయ్యేసరికి మూడు ఒప్పులు తేలాయి.

"తప్పు పెట్టమంటే మూడు ఒప్పులు పెట్టారు సార్," అంది మేడమ్, ఎప్పటి గొంతుతోనే. "ఒప్పేదో తెలిస్తే తప్ప దాన్ని తప్పించుకోలేం. మా పిల్లలు వందలో తొంభై మూడుసార్లు తప్పించుకుంటున్నారు. ఏమీ తెలియకుండా అలా జరగాలంటే, ఆ అవకాశాన్ని రాయడానికి దశాంశం తర్వాత పెట్టే సున్నాలు ఈ కాగితంలో ఒక వరసకి పట్టవు. ప్రయత్నాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి అనుకుంటేనే లెండి. అది పూర్తిగా నిజం కాదు."

డీన్ గారు ఆ మాటలు వింటున్నట్టు లేదు. తెర మీద ఏదో చదువుతున్నారు. ఏడు తప్పులకి ఏడు తిట్లు వచ్చి ఉన్నాయి మరి. కాసేపటికి, ఈ నాణేనికి జ్ఞాపకశక్తి లేకపోవడం బాగుందండీ అన్నారు. ఆ తర్వాత గంభీరంగా సర్దుకుని అసలు ప్రశ్న వేశారు. తెలిసి తప్పు పెట్టేవాళ్ళతో పాటు, పక్కవాళ్ళు చెప్పిన చోట ఊరికే నొక్కేవాళ్ళు ఉండరా? ఉంటారు, ఎంతమందో నాకు తెలియదు, అని ఆమె ఒప్పుకుంది. అలా ఒప్పుకోవడమే ఆయనకి నచ్చింది. సెమిస్టరు చివరి దాకా గడువిచ్చారు. సరైన జవాబులు కూడా కనిపించాలి సుమా అన్నారు. ఆమె గుమ్మం దాటుతుంటే, ల్యాప్‌టాప్‌లో చూసిన పదకొండో ప్రశ్నకి జవాబేమిటని అడిగారు.

ఇంటికొచ్చి చెబితే అత్తగారు గలగలా నవ్వింది, వెంటనే తప్పెక్కడుందో పట్టుకుంది. సరిగ్గా చేసినవాడికి ఒక్క ముక్క, తప్పు చేసినవాడికి కథ, ఇలాగైతే బుద్ధున్నవాడెవడూ సరిగ్గా చెయ్యడు అంది. దాని మీద ఇద్దరూ రెండు రోజులు ఆలోచించి ఏర్పాటు మార్చారు. విద్యార్థి సరైన జవాబు పెడితే ఇప్పుడు తెర మీదికి ఒక పెద్దమనిషి వస్తాడు. అదే లెక్కని తప్పుగా చేసి చూపిస్తాడు. ఎక్కడ తప్పాడో కనిపెట్టి, ఆయన్ని విద్యార్థే రెండు వాక్యాల్లో తిట్టాలి. ఆ పెద్దమనిషికి పిల్లలు ఒక్క రోజులో పొరపాటు బాబాయ్ అని పేరు పెట్టేశారు.

పిల్లలు రాసిన తిట్లన్నీ మధ్యాహ్నానికి భోజనాల బల్ల దగ్గరికి చేరేవి. అత్తగారి తీర్పు కఠినం. తప్పు ఎక్కడుందో చెప్పకుండా వట్టి నోరు పారేసుకున్నవాటికి "గొణుగుడు" అని రాసి తిప్పి పంపేది. వారానికి పదింటిని మాత్రం ఎంచి అందరికీ కనిపించేలా పెట్టేవారు. ఒకసారి పొరపాటు బాబాయ్ గ్రంథాలయంలో కూర్చున్నవాళ్ళని మాత్రమే అడిగి, ఊళ్ళో అందరికీ చదవడం ఇష్టమేనని తేల్చాడు. మొక్కల అమ్మాయి ఆయనకి ఇలా రాసింది: "చేపల్ని అడిగొచ్చి, ఊరందరికీ ఈతొచ్చని రాశావా బాబాయ్? ఒడ్డున ఉన్నవాళ్ళని ఎవరడుగుతారు?" అత్తగారు దాన్ని మూడుసార్లు చదివించుకుని, ఇక నేను రెండోసారి రిటైరైపోవచ్చు అంది.

ఇంతలో తరగతిలో వేరే చిక్కొచ్చింది. ఒకరోజు వెనక బెంచీలవాళ్ళు, మేడమ్, ఒక్కసారి నోటితో తిట్టండి, వినాలనుంది అని అడిగారు. ఆమె సుద్దముక్క బల్ల మీద పెట్టింది.

"అవి నావి కావు," అంది. "మా అత్తగారివి. తప్పులు నేను చెప్పేదాన్ని, మాటలు ఆవిడవి."

కళ్ళద్దాలు కొత్తగా పెట్టుకున్న కుర్రాడు లేచి, మరి మతిమరుపు ఎవరికి మేడమ్ అని అడిగాడు.

"మా అత్తగారి అబ్బాయీ మా ఆయనా ఒకరే. ఆ సంగతి నిజమే," అని చెప్పి ఆమె బోర్డు వైపు తిరిగింది. అప్పుడు లేచిన నవ్వులకి పక్క గదిలో పాఠం ఆగిపోయింది.

సెమిస్టరు పరీక్షల్లో ఆ ఏడాది నలభై ఒక్క మంది తప్పారు. డీన్ గారు సమావేశంలో గొప్పగా ప్రకటించబోతే, మేడమ్ ఒక పేజీ నిండా అడ్డంకులు రాసి ఇచ్చింది. ఈసారి పేపరు కాస్త తేలిక, ఈ పిల్లలు వచ్చేటప్పుడే కొంచెం మెరుగు, నలభై ఒకటన్నది నిజం గానీ తిట్ల వల్లేనని చెప్పలేం అని. సరిగ్గా తేల్చాలంటే పోల్చి చూడాలి. అందుకని మరుసటి ఏడాది చీట్లు వేసి విద్యార్థుల్ని రెండు సగాలు చేసింది. ఒక సగానికి తిట్లు. రెండో సగానికి పాత పద్ధతిలో "తప్పు. మళ్ళీ ప్రయత్నించండి" అని వచ్చేది.

ప్రయోగం తొమ్మిది రోజులు నడిచింది. తిట్లు రానివాళ్ళు, వచ్చేవాళ్ళ పాస్‌వర్డులు అడిగి తీసుకుని చదివేశారు. అది చాలదన్నట్టు పదో రోజున మేడమ్ బల్ల మీద ఒక అర్జీ ప్రత్యక్షమైంది. మేమేం పాపం చేశాం, మాకూ తిట్లు కావాలి అని. కింద ఎనభై మూడు సంతకాలు.

ఆమె దాన్ని తరగతిలో అందరి ముందూ చదివింది. సంతకాల పేజీని దగ్గరగా పెట్టుకుని చూసింది. పెదవి ఏ చివరా కదల్లేదు.

"ఇందులో పన్నెండు సంతకాలు ఒకే చేత్తో పెట్టినవి," అంది. "ఇంత తక్కువ విచలనం నా ఉద్యోగంలో చూడలేదు. దొంగ సంతకం పెట్టేవాడు కనీసం పెన్నయినా మార్చాలని ఏ పాఠంలో చెప్పలేదు నేను?"

ఎవరూ నవ్వలేదు ముందు. తర్వాత రెండో బెంచీలో ఒకమ్మాయి గబగబా పుస్తకం తెరిచి రాసుకోవడం మొదలుపెట్టింది. తిట్లు అత్తగారివని పై తరగతివాళ్ళ దగ్గర విని ఉన్న మిగతావాళ్ళకి అది చూసి అర్థమైంది, ఇది మేడమ్ సొంత సరుకని. అప్పుడు మొదలైన చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. మేడమ్ చెవులు ఎర్రబడ్డాయి.

ఆ మధ్యాహ్నమే ఆమె రెండు సగాలకీ తిట్లు తెరిచేసింది. నివేదికలో "పోలిక కుదరలేదు, కారణం: విద్యార్థులు" అని ఉన్నదున్నట్టు రాసింది. సాయంత్రం ఇంటికెళ్ళి తరగతిలో అన్న మాటని అత్తగారికి చెప్పింది. ఆవిడ మళ్ళీ చెప్పమంది. పెన్ను దగ్గర కాస్త ఆగి చెప్పమంది. కోడలు ఆగి చెప్పింది. అత్తగారు కళ్ళు మూసుకుని విని, ఇందులో నేను మార్చాల్సిందేమీ లేదే అంది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఆ ఇంట్లో కోడలి మాటకి అలాంటి తీర్పు రావడం అదే మొదటిసారి.